స్తంభం కింద మనిషి

లైన్ మేస్త్రీ బసవయ్యకి ఉన్న రోగం ఒక్కటే. మనిషి కరెంటు స్తంభం ఎక్కితే చాలు, కింద నిలబడి తిట్టేవాడు. ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర్నించి దిగేదాకా ఆపేవాడు కాదు. బూతులు కావు. వాడి నడక, వాడి బుర్ర, పెళ్ళినాటి ఫోటోలో వాడి మొహం, వాళ్ళమ్మ పెట్టే పులుసు, దేన్నీ వదిలేవాడు కాదు. పైవాడు ప్రతి తిట్టుకీ బదులు చెప్పి తీరాలి. ఒక్కదానికి పలక్కపోయినా తిట్లు రెట్టింపయ్యేవి.

జగ్గయ్యపేటలో పైన తీగ బాగయ్యేలోపు కింద జనం పోగయ్యేవారు. నాగేంద్రమ్మగారింట్లో పెళ్ళినాడు కరెంటు పోతే స్తంభం విడిది పక్కనే ఉందాయె. "ఆ మొహానికి తలపాగా ఒకటి" అని బసవయ్య పైవాణ్ని చూసి అరిచాడు. విడిది అరుగు మీద జరీ తలపాగాతో కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రి అది తననే అనుకుని, పెళ్ళి ఆపమని లేచిపోయాడు. అందరూ ఆయన కాళ్ళావేళ్ళా పడి ఒప్పించేసరికి ముహూర్తం కాస్తా దాటబోయింది. తెల్లారి నాగేంద్రమ్మగారు పైఆఫీసుకి ఫిర్యాదు పంపారు. క్షమాపణ చెప్పి రమ్మంటే బసవయ్య వెళ్ళి, ఆవిడ కరెంటు తీగ మీద తడిచీరలు ఆరేయడం చూసి, ఆవిణ్ణి కూడా తిట్టొచ్చాడు.

ఇవన్నీ సర్దిచెప్పడం రాధాకృష్ణమూర్తి వంతు. ఆయన నందిగామలో మీటర్లు పరీక్షించే ఉద్యోగి, యూనియన్ సెక్రటరీ. స్వతహాగా నెమ్మదైన మనిషే గానీ పంతొమ్మిదివందల అరవై మూడు ఎండాకాలంలో ఆయనకీ ఒళ్ళు మండిపోయింది. కరెంటు సంస్థతో యూనియన్ పాత ఒప్పందం గడువు తీరింది. కొత్త ఒప్పందం కోసం పైఅధికారులు పంపిన చిత్తుప్రతిలో, ఇకనుంచి స్తంభం దగ్గర ఒక్క మనిషి చాలని రాసుంది. ఫ్యాను కింద కూర్చుని ఈ ముక్క రాసినవాణ్ని రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నం స్తంభానికి కట్టెయ్యాలనిపించింది మూర్తికి. ఒక్కడే ఎక్కి, పైన వాడికేమన్నా అయితే చూసే దిక్కెవరు? దానికి వాళ్ళు చూపిన కారణం చదివాక ఇంకా మండింది. రెండోవాడు తిట్టడం తప్ప ఏ పనీ చేయడం లేదట. సాక్ష్యం నాగేంద్రమ్మగారి ఫిర్యాదు.

చర్చలు నందిగామ ట్రావెలర్స్ బంగళాలో. అందులో నోరెత్తనని మూర్తి బసవయ్య చేత పిల్లల మీద ఒట్టు వేయించుకుని మరీ తీసుకెళ్ళాడు. బసవయ్య పళ్ళు బిగబట్టి ఓ మూల కూర్చున్నాడు.

డివిజనల్ ఇంజనీరు వరప్రసాదరావు తెల్లగా, మెత్తగా ఉండే మనిషి. జీతం పెంచడానికి ఒప్పుకున్నాడు, సైకిళ్ళిస్తానన్నాడు, వానకోట్లిస్తానన్నాడు. రెండో మనిషి మాటెత్తితే మాత్రం నవ్వాడు.

"తిట్టడానికి కూడా జీతమా మూర్తీ?"

మూర్తి బల్ల గుద్దాడు. సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగింది. పక్క స్తంభం మీద తీగ తెగిందని కబురొచ్చింది. వరప్రసాదరావు ముచ్చటపడిపోయి, ఇదే పరీక్ష అన్నాడు. సరఫరా ఆపించి, బసవయ్యతో వచ్చిన లైన్‌మన్ సుబ్బరాయుణ్ణి ఒక్కణ్ణే పంపమన్నాడు. కింద ఎవరూ ఉండకూడదన్నాడు. మూర్తి వద్దని అరిచి గోలపెట్టినా వినలేదు.

సుబ్బరాయుడు నిచ్చెన వేసుకుని ఎక్కాడు, స్తంభానికి బెల్టు కట్టుకున్నాడు, తీగ అతికించాడు. ఆ తర్వాత కదల్లేదు. అయిందా అని వరాండాలోంచి ఇంజనీరు కేకేస్తే పలకలేదు. ఎండకి వాడి తల ఓ పక్కకి వాలిపోయింది.

బసవయ్య ఒట్టు మర్చిపోయి పరిగెత్తాడు. వెనకాలే మూర్తి, ఇంజనీరు. వాణ్ని పట్టుకోవాలంటే బసవయ్య తనే ఎక్కాలి. నిచ్చెన జారకుండా మూర్తి పట్టుకోవాలి. ఇక మిగిలింది ఇంజనీరు.

"అయ్యా, నేనెక్కేదాకా వాణ్ని తిడుతూ ఉండండి. ఆపారంటే వాడి తెలివి పూర్తిగా తప్పిపోద్ది."

వరప్రసాదరావు జన్మలో నోటితో ఎవర్నీ తిట్టి ఎరగడు. గొంతు సవరించుకుని, "సుబ్బరాయుడూ, నీ ప్రవర్తన ఏమాత్రం సంతృప్తికరంగా లేదు" అన్నాడు.

నిచ్చెన మీంచి బసవయ్య మండిపడ్డాడు. "అది తిట్టు కాదండీ, తాఖీదు. దానికి బాగున్నవాడు కూడా నిద్రపోతాడు. వాళ్ళమ్మ పులుసు ఎత్తుకోండి."

"మీ అమ్మ పులుసు... కుడితిలా ఉంటుందటయ్యా" అన్నాడు ఇంజనీరు, చచ్చేంత మొహమాటంతో.

పైన తల కదిలింది. "మా అమ్మ పులుసు నువ్వెప్పుడు తాగావు?" అని నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది సుబ్బరాయుడి గొంతు.

కిందివాడు పైఅధికారిని నువ్వనడంతో వరప్రసాదరావుకి నిజంగానే కోపమొచ్చింది. ఆయనలో అంత సరుకుందని ఆయనకే తెలీదు. సుబ్బరాయుడి మేనమామల దాకా వెళ్ళాడు. వాడూ ఊరుకోలేదు. ఈ వాదంలోనే బసవయ్య వాడి బెల్టు విప్పి, నడుం పట్టుకుని, ఒక్కో మెట్టూ దించుకొచ్చాడు. నేల మీద కాలు పెట్టగానే వాడు నీళ్ళైనా అడక్కుండా ఇంజనీరు మీదకి వెళ్ళబోయాడు.

మళ్ళీ బల్ల దగ్గర కూర్చునేసరికి వరప్రసాదరావు గొంతు పూర్తిగా బొంగురుపోయింది. చొక్కా పిండితే చెంబెడు చెమటొచ్చేలా ఉంది. ఇది పని కాదని మళ్ళీ అనగలరా అని మూర్తి కోపంగానే అడిగాడు. ఆయన చిత్తుప్రతి ముందుకు లాక్కున్నాడు. ఇద్దరు ఉండాల్సిందేనని రాయించి, రెండోవాడు పైవాడితో ఆపకుండా మాట్లాడుతుండాలని తనే ఓ వాక్యం చేర్చి, సంతకం పెట్టాడు.

బస్టాండుకి నడుస్తుంటే మూర్తి ఉండబట్టలేక అడిగాడు.

"మాట్లాడితే చాలుగా మేస్త్రీ. ఇన్నేళ్ళూ ఆ తిట్లెందుకు? నాలుగు మంచిమాటలు చెప్పొచ్చుగా."

"మొదట్లో చెప్పి చూశా. మంచిగా మాట్లాడితే పైవాడికి పెళ్ళాం పిల్లలు గుర్తొస్తారు, చేతులు వణుకుతాయి. తిడితే నేనొక్కణ్ణే గుర్తుంటా. ఎప్పుడు దిగి వీణ్ణి తన్నుదామా అనే ఉంటది. మనక్కావలసింది వాడు దిగడమేగా."

"మరి ఎవరైనా తన్నారా?"

"నలుగురు" అన్నాడు బసవయ్య గర్వంగా. "నలుగురూ పిల్లాపాపలతో హాయిగా ఉన్నారు."