బాలశౌరి గారి పోస్టుమార్టం

"ఎవరి చేతిలో పోయింది?"

బాలశౌరి గారు నమస్కారానికి బదులు అడిగే ప్రశ్న ఇది. మనం స్కోపు పట్టుకుని రెడ్డిగూడెంలో బస్సు దిగి, ఎండలో మామిడితోటల వెంట నడిచి, ఆయన రేకుల షెడ్డు ముందు చెమటలు తుడుచుకుంటూ నిలబడితే కూర్చోమనరు, మంచినీళ్ళు కావాలా అనరు. ముందు చంపినవాళ్ళ పేరు చెప్పాలి, ఆయన పుస్తకంలో రాసుకోవాలి. చెప్పందే పెట్టె మూత కూడా తీయరు.

స్కోపంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పొట్ట నిలువునా కోయకుండా చిన్న కన్నం పెట్టి లోపలికి దించే సన్నటి స్టీలు గొట్టం అది. అందులో గాజు కడ్డీలు వరసగా ఉంటాయి. ఈ చివర కెమెరా తగిలిస్తే ఆ చివరనున్న పేగులన్నీ టీవీలో కనిపిస్తాయి. చూడ్డానికి ఇనప ఊచలా ఉంటుంది గానీ కోడిగుడ్డు కంటే సుకుమారం. నేను నూజివీడులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్ని, పేరు లలిత. మా స్కోపులు పాడైనప్పుడల్లా బాగుచేయించడానికి వాటిని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కే రాత నాది.

బాలశౌరి గారి మొహం ఎప్పుడు చూసినా శవం లేవబోతున్న ఇంటి ముందు నిలబడ్డ మనిషి మొహంలా ఉంటుంది. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మండలంలో లేరు. స్కోపును తెల్లగుడ్డ మీద పడుకోబెడతారు. కంటికి భూతద్దం తగిలించుకుంటారు. ఇక గంటసేపు చావు కబుర్లే.

"వెన్ను విరిగిందండీ."

"బాగవుతుందంటారా?"

"చూపు పోయింది. లోపల నీరు చేరింది. ప్రాణం ఎప్పుడు పోయిందన్నారు?"

"మంగళవారం."

"మంగళవారమా," అని ఒక నిట్టూర్పు. అక్కడికి వారం మంచిదైతే బతికేదన్నట్టు!

ఒక ఏడాది మంచుకు మామిడి పూతంతా మాడిపోయింది. నేను వెళ్ళేసరికి ఆయన తోటలో నిలబడి నల్లబడిన కొమ్మల్ని చూస్తున్నారు. దొరికిందే సందని, "ఎవరి చేతిలో పోయిందండీ?" అని నేనే అడిగాను. ఆయన ఆకాశం వైపు వేలు చూపించారు.

"పేరు తెలుసండీ. రాసుకోలేం గదా."

ఆదివారం గుడి మానని మనిషి. ఆ మాట అన్నందుకు మర్నాడే ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి పాపసంకీర్తనం చేసుకొచ్చారట.

తమాషా ఏమిటంటే, ఆయనకు మన జవాబుతో పనే లేదు. చూడగానే అన్నీ తెలిసిపోతాయి. ఒకసారి నేను తెలివికిపోయి, "దానంతటదే పోయిందండీ," అన్నాను. ఆయన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పారు.

"దానంతటదే బల్ల మీంచి దూకిందన్నమాట. మూడడుగుల ఎత్తు. మొజాయిక్ నేల. తోసిన చెయ్యి ఎడమ చెయ్యి."

మా థియేటర్లో ఎడమచేతి వాటం మనిషిని నేనొక్కదాన్నే.

"నా చేతిలోనేనండీ," అన్నాను తల దించుకుని.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదమ్మా," అని పుస్తకంలో నా పేరు ఇంటిపేరుతో సహా రాసుకున్నారు.

పోస్టుమార్టం అయ్యాక రిపోర్టు రాసి, కవరులో పెట్టి, గట్టిగా అంటించి, పైన 'మేనేజరు గారికి మాత్రమే' అని రాసి నా చేతికే ఇచ్చేవారు. నా ఉరితాడు నేనే మోసుకెళ్ళాలి. మా మేనేజరు సుబ్రహ్మణ్యం గారు ఆ కవరు చింపి, చదివి, మొహం చిట్లించి మా వైపు ఒక చూపు చూసి, బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మమ్మల్ని ఇంటికి పంపాలంటే ఆ బీరువా ఒక్కటి చాలని థియేటర్లో అందరికీ భయం. ఆయాలైతే బాలశౌరి గారికి 'పోలీసాయన' అని పేరు పెట్టారు. నేను ఇంకా ఘోరమైన పేర్లు పెట్టాను. అవి ఇక్కడ రాయను.

మొన్న ఏప్రిల్లో నాగేంద్రమ్మకు వచ్చింది ఆపద. థియేటర్లో సామాన్లు కడిగే ఆయా ఆవిడ. భర్త రాములు కిందటేడు మామిడికాయ కోస్తుంటే కొమ్మ విరిగి పడ్డాడు. నడుం కింద చచ్చుబడింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈవిడ ఉద్యోగం మీదే.

ఆ రోజు వరసగా మూడు ఆపరేషన్లు. మూడో పేషెంటుకు మత్తు కూడా ఇచ్చేశారు. కొత్త స్కోపు, కొని మూడు నెలలు కాలేదు, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవులోంచి అప్పుడే పొగలు కక్కుతూ బయటికొచ్చింది.

"ఇంకా ఎంతసేపు? తొందరగా చల్లార్చండి!" అని డాక్టరు గారు అరిచారు.

నాగేంద్రమ్మ కంగారులో దాన్ని కుళాయి కింద పెట్టింది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. కెమెరా తగిలిస్తే టీవీలో మీగడలాంటి తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ పూట పాత స్కోపుతో పని కానిచ్చాం.

సుబ్రహ్మణ్యం గారు అందర్నీ వరసగా నిలబెట్టారు. "ఈసారి ఎవరో ఒకరు ఇంటికెళ్ళాల్సిందే. ఆ రిపోర్టు రానీయండి," అన్నారు. డాక్టరు గారు ఫోను చూసుకుంటున్నారు.

"పోయింది ఎవరి చేతిలోనో ఆ మనిషిని కూడా తీసుకురండి," అని ఫోనులో బాలశౌరి గారి హుకుం. నాగేంద్రమ్మ బస్సులో దారిపొడుగునా ఏడుస్తూనే ఉంది.

"ఎవరి చేతిలో పోయింది?"

"నా చేతిలోనే బాబూ. కుళాయి కింద పెట్టా."

"ఎందుకు పెట్టావమ్మా?"

"డాక్టరు బాబు చల్లార్చమన్నారండి."

ఆయన అదంతా రాసుకున్నారు. తర్వాత ఒక గాజుగ్లాసు తెచ్చి, స్టవ్వు సెగకు కాసేపు పట్టి, కుండలోని నీళ్ళలో ముంచారు. గ్లాసు ఫట్మని రెండయింది. నాగేంద్రమ్మ ఉలిక్కిపడింది.

"చూశావా? వేడి గాజుకి చన్నీళ్ళే యముడు. గాలికి వదిలెయ్యాలి, ఎవరు అరిచినా సరే. ఏదీ, అను."

"ఎవరు అరిచినా సరే," అని ఆవిడ చేత మూడుసార్లు అనిపించారు. ఆవిడ చేతులు జోడించింది.

"అయ్యా, నా పేరు మాత్రం రాయకండి. మా ఆయన మంచంలో ఉన్నాడు. మీ కాళ్ళు పట్టుకుంటా."

బాలశౌరి గారు తల కూడా ఎత్తలేదు. "పూర్తి పేరు చెప్పమ్మా," అన్నారు.

ఆ పుస్తకం లాక్కుని చించి పొయ్యిలో పెడదామనిపించింది నాకు. తిరిగొచ్చేటప్పుడు ఆ కవరు బ్యాగులో ఉంటే పాము ఉన్నట్టే ఉంది.

సుబ్రహ్మణ్యం గారు మమ్మల్నిద్దర్నీ, డాక్టరు గారినీ గదిలోకి పిలిచి రిపోర్టు పైకే చదివారు.

"'స్కోపు ఇక పనికిరాదు. ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. వేడి మీదున్న గాజుకు చన్నీళ్ళు తగిలి కడ్డీలు చిట్లాయి. కిందటి నెల మూత బిగించడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు నేనే దీన్ని వేడిచేసి నీళ్ళలో ముంచాను. పగులు అప్పుడే మొదలైంది. ఆస్పత్రి సిబ్బంది తప్పు లేదు. ఇట్లు, కె. బాలశౌరి.'"

నాగేంద్రమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

సుబ్రహ్మణ్యం గారికి మాత్రం పిచ్చెక్కినంత పనయింది. బీరువా తాళం తీసి పాత కవర్లన్నీ బల్ల మీద కుమ్మరించారు. "ఈ మనిషి ఎప్పుడూ ఇంతే! ఒక్క పేరు రాయడు! ఒకసారి వయోభారం అంటాడు. ఒకసారి బల్లి పడిందంటాడు. ఇదిగో, ఇది చూడండి, స్వల్ప భూకంపమట!"

తారీఖు చూశాను. ఆ భూకంపం నేనే.

"ఇప్పుడు తనే చెడగొట్టానని రాసిచ్చాడు. ఇక ఈ గుమ్మం తొక్కనిచ్చేది లేదు," అన్నారు సుబ్రహ్మణ్యం గారు. మా ఆస్పత్రి పని పోతే ఆయన షెడ్డులో సగం పని పోయినట్టే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నాగేంద్రమ్మను చూసి మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"స్కోపులు ఆయన దగ్గరికే వెళ్ళాలి."

"ఆయనే చెడగొట్టానంటున్నాడు గదండీ!"

"లోపలికి చూసేది నేనా మీరా? నేను చెప్పానంటే అంతే," అని విసురుగా లేచి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు చెవులు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

మర్నాడు సెలవు పెట్టి రెడ్డిగూడెం వెళ్ళాను. చేతిలో స్కోపు లేదు గనక కూర్చోమన్నారు. బాలశౌరి గారి భార్య కృపావతి గారు మజ్జిగ తెచ్చారు.

"అన్నీ అబద్ధాలు రాసే మనిషికి మా పేర్లెందుకండీ? ఇన్నేళ్ళు మమ్మల్ని హడలగొట్టి చంపారు!"

"నిజం తెలియకుండా అబద్ధం రాస్తే, అది పొరపాటున నిజమైపోద్ది గదమ్మా," అన్నారాయన, అదే చావు మొహంతో. "ఎవరు, ఎలా, ఎక్కడ అని తెలిస్తేనే వాళ్ళకి దూరంగా రాయగలం. స్కోపు గురించి మాత్రం అబద్ధం రాయను. రేపు దాంతో ఇంకొకళ్ళ కడుపులోకి చూడాలి."

"ఒక్కసారి కూడా నిజం రాయలేదా?"

"ఒకసారి రాశాను. విజయవాడలో కంపెనీలో చేరిన కొత్తలో. ఫలానా సిస్టర్ నిర్లక్ష్యం వల్ల అని పేరుతో సహా రాశాను. సాయంత్రానికి ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది."

"అయ్యో. ఆ అమ్మాయి ఏమైందండీ?"

"మజ్జిగలో ఉప్పు సరిపోయిందా సిస్టరమ్మా?" అన్నారు కృపావతి గారు. "ఆ పేరు నాదే. ఉద్యోగం పోయి ఇంట్లో కూచుంటే ఈయన ప్రతి ఆదివారం గుడి అవగానే క్షమాపణ అడగడానికి వచ్చేవాడు. అదే మొహం వేసుకుని! ఆరు నెలలు చూసి మా అమ్మకి విసుగొచ్చి, ఈ పీడ ఇట్టా వదిలేది కాదని పిల్లనిచ్చేసింది."

నేను నవ్వాపుకోలేక గ్లాసు కింద పెట్టాను. బాలశౌరి గారు భూతద్దం తుడుచుకుంటూ, భార్య వైపు ఒకసారి భయంగా చూసి గొంతు తగ్గించారు.

"మీరే చెప్పండమ్మా. మళ్ళీ నిజం రాస్తే ఈసారి ఎవర్ని చేసుకోవాలి?"