మూడో గేరు మాస్టారు

మా వీధిలో ఆయన్ని అందరూ మూడో గేరు మాస్టారు అంటారు. ఎదుట మాత్రం ఉత్త మాస్టారే. ఇరవై ఆరేళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాడు. మొదట మా వీధి, తర్వాత మైదానం చుట్టూ నాలుగు మలుపులు, ఆఖర్న మార్కెట్టు రోడ్డు. ఆ దారిలో మూడో గేరు దాటే అవసరం రాదు. ఎవరైనా దాటబోతే, "ఏం, కొంపలంటుకున్నాయా?" అని తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కేస్తాడు. నేను ఆయన దగ్గర రెండు విడతలు నేర్చుకున్నాను. ఆయన ఫోనులో నా పేరు 'ఎడమ తెలీదు'. ఆ ఫోనులో శిష్యులెవరికీ సొంత పేర్లుండవు. 'క్లచ్ భయం', 'కేకలు', 'గోడ గుద్దాడు', ఇలా వందలమంది ఉంటారు.

అంతమంది ఉన్నా, పాఠాలయ్యాక ఆయన గదికి వెళ్ళేవాళ్ళు లేరు. కారులో మర్చిపోయిన కళ్ళజోడు కోసం నేనొకసారి వెళ్ళాను. ఒక మంచం, ఒకే ఒక కుర్చీ. కుర్చీ నిండా మడతపెట్టిన బట్టలు. ఇక ఎవరూ వచ్చి కూర్చోరని ఎప్పుడో తేల్చుకున్నట్టున్నాడు. నా మనసు చివుక్కుమంది. భార్య విడిపోయి వేరే ఊరు వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. కూతురికి అప్పుడు ఏడేళ్ళు.

పోయిన నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, గురువారం మూడింటికి నా డ్రైవింగ్ పరీక్ష. వస్తావా?"

ఊరందరికీ నేర్పినవాడు సొంత కూతురికి ఒక్క మలుపు కూడా నేర్పలేదు. పిల్ల ఎవరి దగ్గరో నేర్చుకుంది. "చూస్తానమ్మా" అని పెట్టేశాడు. చూస్తానంటే వస్తానని ఆయన ఉద్దేశం. అది అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది? నాకైతే ఈ చోటికి వచ్చేసరికి ఆయన మీద ఒళ్ళు మండుతుంది.

గురువారం పదింటికల్లా బయల్దేరాడు. నూట నలభై కిలోమీటర్లు. ఫోన్ ఆపేసి ముందున్న అరలో పడేశాడు. మా అందరికీ ఆయన చెప్పిన మొదటి పాఠం అదే: స్టీరింగు పట్టుకున్నవాడికి ఫోన్ లేదు. పెద్ద రోడ్డెక్కాక కూడా ఆయన చెయ్యి మూడో గేరు దాటలేదు. దాటాలని తోచనే లేదట. ఇంజను మొత్తుకుంటోంది. వెనక లారీలవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నారు. "మీ తొందర తగలెయ్య" అని తిట్టుకుంటూ రెండున్నర గంటలు అలాగే నడిపాడు. వంద కిలోమీటర్ల దగ్గర బుస్సుమని పొగలు లేచాయి. రేడియేటరు గొట్టం పగిలింది.

అటూ ఇటూ ఎండిన పొలాలు తప్ప నీడ లేదు. గంటన్నర నిలబడ్డాడు. అప్పుడైనా ఫోన్ తీసి పిల్లకి ఒక మాట చెప్పొచ్చు. డ్రైవింగ్ మాస్టారి బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ఇంకా టైముందిలే అనుకున్నాడు.

రెండింటికి ఒక వ్యాను ఆగింది. వెనకంతా కిటికీ అద్దాలు. నడిపేది అద్దాలు బిగించే ఆయన, పక్కన వాళ్ళావిడ.

"ఇక్కడ మెకానిక్కు దొరకడండీ. ఎక్కడిదాకా వెళ్ళాలి?"

"డ్రైవింగ్ పరీక్షలు పెట్టే మైదానం. అక్కడ చిన్న పనుంది."

"మేమూ ఆ ఊరికే. తాడు కట్టండి, లాక్కెళ్తాను. మెల్లగానే సుమండీ. ఇరవై దాటి ఒక్క అద్దం పగిలినా మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

ఆవిడ నవ్వలేదు. నీళ్ళ సీసా తెచ్చిచ్చింది. "ముందు తాగండి అన్నయ్యగారూ, మొహం ఎలా వాడిపోయిందో! మీవాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, ఎదురుచూస్తుంటారు."

"ఎదురుచూసేవాళ్ళెవరూ లేరమ్మా" అనేశాడు.

అబద్ధమాడాలని కాదు. పదకొండేళ్ళుగా ఎవరడిగినా అదే జవాబు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. కూతురి సంగతి చెప్పి ఉంటే, ఆ దంపతులు దారినపోయే ఏదో ఒక కారుని ఆపి ఎక్కించి ఉండేవాళ్ళు.

తాడు బిగించారు. మాస్టారు తన కారులో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను చల్లారిపోయింది, పక్క సీట్లో ఎవరూ లేరు. ముందు వ్యానులోని అద్దాల్లో ఎండ, పొలాలు, తన కారు కనిపిస్తూ ఉన్నాయి. అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదని నాతో అన్నాడు. ఫోన్ అరలోనే ఉంది. తాడుతో లాగుతున్నా స్టీరింగు పట్టుకున్నవాడు డ్రైవరే కదా మరి! పాఠం పాఠమే.

రెండు వీధులు చుట్టు తిరిగి మరీ మైదానం గేటు దగ్గర దింపారు. అప్పటికి నాలుగూ పది. "జాగ్రత్త అన్నయ్యగారూ" అంది ఆవిడ. లోపల కాపలామనిషి ప్లాస్టిక్ కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తున్నాడు.

"అయిపోయాయండీ. ఆఖరున ఒకమ్మాయి చేసింది, పాసయింది. వాళ్ళమ్మతో ఇప్పుడే వెళ్ళిపోయింది. పాపం, ఊరికే గేటు వైపే చూసింది."

మాస్టారు వచ్చి కారులో కూర్చుని ఫోన్ ఆన్ చేశాడు. వరసగా మెసేజీలు వచ్చిపడ్డాయి.

రెండూ పదికి: బయల్దేరావా నాన్నా?

మూడింటికి: వస్తున్నావా? నా వంతు వెనక్కి జరిపించుకున్నాను.

మూడున్నరకి: దారిలో ఉన్నావా? ఇంకొకళ్ళని ముందు పంపాను, ఇక నేనే ఆఖరు.

నాలుగుకి రెండు నిమిషాల ముందు: ఎక్కడున్నావు? పిలుస్తున్నారు.

వెంటనే ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"గేటు దగ్గరున్నానమ్మా. బండి చెడిపోయింది."

"వచ్చావా?" అంది. "వస్తున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా."

"చెప్పే అలవాటు పోయిందమ్మా. బయల్దేరావా, ఎక్కడున్నావని నన్ను ఎవరూ అడగరు కదా."

"నేను అడిగాను నాన్నా" అంది. "నాలుగుసార్లు అడిగాను."