హన్నమ్మ టీచరు ఎర్రగడ్డలు

హన్నమ్మ టీచరుకు చేతబడి తెలుసని ఉదయగిరిలో ఒక మాట పుట్టింది. సిరాబుడ్ల మూతుల మీద ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, కూర్చోబెట్టి, వాటికి మొలిచిన వేళ్ళు కోసి, ఎర్రనీళ్ళలో వేసి దీపం మీద వెచ్చబెట్టడం కిటికీలోంచి ఎవరో చూశారట. నెల తిరక్కుండా ఆ మాట ఆమె పుట్టిన ఊరు ఆత్మకూరుదాకా పోయింది. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా ఉండే మనిషి. ఎవరినీ పిలిచి అడగలేదు, కోప్పడలేదు.

ఆ వేళ్ళు పెంచలమ్మ కోసం. అమ్మ జబ్బుపడితే ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్ల. జీవకణం పాఠం అప్పుడు సగంలో ఉంది. ఒక కణం రెండెలా అవుతుందో తెలియకుండానే ఇంట్లో ఉండిపోయింది. 1957 చలికాలంలో టీచరు నెల్లూరు కాలేజీ నుంచి సూక్ష్మదర్శిని అడిగి తెచ్చి, ఆమెకు కబురు పెట్టింది.

"శనివారం బస్సుకు తిరిగి పంపాల. ఈలోగా చూసిపో. వచ్చేటప్పుడు నాలుగు ఎర్రగడ్డలు తీసుకరా."

పెంచలమ్మ ఆదివారమే తెచ్చింది. టీచరుకిచ్చేవి కదా అని, ఇంట్లో అలవాటు ప్రకారం అడుగు మీసాలతో సహా నున్నగా కోసి, తుడిచి మరీ తెచ్చింది. నీళ్ళు పోసిన సిరాబుడ్ల మీద పెట్టినా, మంగళవారానికి ఒక్క వేరూ రాలేదు. టీచరు గడ్డను తిప్పి చూసి నవ్వింది.

"వేళ్ళు పుట్టే చోటే కోసి తెచ్చినావు గదమ్మే."

"అట్టా కొయ్యకపోతే మా అవ్వ తిడతాది, టీచరమ్మా. మొలకలొస్తాయంట."

ఇక నాలుగు రోజులే. పెంచలమ్మ నేరుగా ఎర్రగడ్డలు పండించే చాంద్‌బీ ఇంటికి పోయింది. విత్తనానికి దాచిన గడ్డలు ఆమె అటక మీద కొయ్యకుండా ఉన్నాయి.

"ఏందే, మీ టీచరమ్మ కూరలోకా?" అని ఎగతాళి చేస్తూనే చాంద్‌బీ గట్టివి మూడు ఏరి ఇచ్చింది.

శుక్రవారం పొద్దునకు తెల్లటి వేళ్ళు దిగాయి. టీచరు పుస్తకం తెరిచి పెట్టుకుని, వేరు కొనను బియ్యపుగింజంత కోసి, రంగునీళ్ళలో వెచ్చబెట్టి, గాజుపలక మీద చిదిపి, పైన పలచటి గాజుబిళ్ళ పెట్టి బొటనవేలితో నొక్కింది. సూక్ష్మదర్శిని కింది అద్దాన్ని వెలుతురుకు తిప్పి పెంచలమ్మను కూర్చోబెట్టింది.

"ఏం కనబడతా ఉండాది?"

"గదులు, టీచరమ్మా. నడిమధ్య ఎర్రటి చుక్కలు. ఇంకేం లేదు."

"ఆ చుక్కలో డి.ఎన్.ఏ. అని ఒక పదార్థం ఉంటాది. కణం ముందు దానికి నకలు తయారు చేసుకుంటాది. మొత్తం అయినాకనే రెండుగా విడిపోయేది. సగం చేసి వదిలిపెట్టదు. పలక కొంచెం జరుపు."

జరిపింది. ఒక గదిలో చుక్క లేదు. దారప్పోగులు రెండు గుంపులై చెరోవైపుకు పోతున్నాయి.

"రెండు పక్కలకీ సమానంగా పోతా ఉండాయి," అంది మెల్లగా.

"దేనికీ తక్కువ కాదు మరి."

పెంచలమ్మ చాలాసేపు కన్ను తియ్యలేదు. తర్వాత లేచి సిరాబుడ్లన్నీ కడిగి బోర్లించింది.

చేతబడి మాట చెప్పుకున్నవాళ్ళకు తెలియనిది ఒకటుంది. హన్నమ్మ టీచరు కూడా అంతవరకు కణం రెండుగా విడిపోవడాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసింది. పెంచలమ్మ లేచాకే ఆ స్టూలు మీద కూర్చుని, మొదటిసారి కళ్ళారా చూసింది.