రెండో పాప

ఆ రోజు చిత్తూరు నుంచి తిరుపతి వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. కవల ఆడపిల్లల్ని చెరో చంకన వేసుకుని నిలబడ్డ ఒకామె, అడక్కుండానే ఒక పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

“టీకాలకు పోయినామన్నా. ఒక బిడ్డ పేరే ఎక్కింది. రెండోదాన్ని రాస్తే ‘ముందే ఉండాది’ అంటాదంట కంప్యూటరు. పేరెక్కందే సూది వెయ్యరంట. ఇద్దరికీ ఫోను నంబరూ పుట్టిన తేదీ ఒకటేనంట. కవలలకి రెండో తేదీ యాడ తెచ్చేది?”

ఆమె ఆస్పత్రి పేరు చెప్పింది. అక్కడ పేర్లు ఎక్కించే డేటాబేస్ డిజైన్ చేసింది నేనే. నంబరూ, తేదీ కలిస్తే ఒకే మనిషని నియమం పెట్టిందీ నేనే.

పాప నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

“కంప్యూటర్లో లేనిది ఏ పాపమ్మా?”

“మీ ఒళ్ళో ఉండేదేనన్నా.”