దేవకుమారి పాటల నోటుబుక్కు

ఏడేళ్లుగా దేవకుమారికి శనివారం కూడా సెలవు లేదు. వారమంతా ఆసుపత్రి ల్యాబులో నిలబడి వాచిన కాళ్లను ఈడ్చుకుంటూ, కూతురు నవోమిని కార్లో ఎక్కించుకుని, ఈ పరాయి దేశంలో తామున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ట్రాయ్ ఊరికి వెళ్లి బెంగాలీ పిల్లలకు బెంగాలీ చెప్పాలి. తెలుగావిడకు ఇదేం తిప్పలని నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో. బడి చదువంతా బెంగాలీలోనే. 1979లో బెంగాలీ సంఘంవాళ్లు టీచరు దొరక్క బతిమాలితే కాదనలేకపోయింది. మొహమాటం మనిషిచేత ఎంత దూరమైనా డ్రైవ్ చేయిస్తుంది.

పద్దెనిమిది మందితో మొదలైన క్లాసులో చివరికి ముగ్గురు మిగిలారు. అందులో ఒకతె నవోమే. మిగతావాళ్లను సాకర్ కొందరిని, పియానో కొందరిని పట్టుకుపోయాయి. మొన్న శనివారం ఆఖరి క్లాసు. సరస్వతి పూజకని పిల్లలు వేసిన ముగ్గుల కాగితాలను గోడ మీంచి ఊడదీస్తుంటే దేవకుమారికి ఏడుపు రాలేదు. అమ్మయ్య, ఇక పడుకోవచ్చు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ ముచ్చట ఒక్కరోజు కూడా సాగలేదు. మర్నాడు తెలుగు చర్చిలో సంఘపెద్ద ఏసుపాదంగారు, ఆమెను మాటమాత్రం అడక్కుండా, అందరి ముందూ ప్రకటించేశారు.

"బెంగాలీ క్లాస్ క్లోజ్ అయిందట. వచ్చేవారం నుంచి దేవకుమారిగారు మన పిల్లలకి తెలుగు టీచ్ చేస్తారు. దేవునికి స్తోత్రం!"

అందరూ ఆమెన్ అన్నారు. దేవకుమారికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ సంగతి భర్త సుందర్ రాజ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పదేళ్లుగా కీర్తనల పుస్తకం మధ్యలో తన నోటుబుక్కు పెట్టుకుని పాడుతోంది. అందులో తెలుగు పాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది.

ముగింపు పాట మొదలైంది. దేవకుమారి చేతిలోంచి నోటుబుక్కు జారింది. తెలుగు అక్షరాలు రాక చర్చిలో ఎప్పుడూ నోరు విప్పని నవోమి దాన్ని అందుకుని పేజీ చూసింది.

"మామ్, ఇది నేను రీడ్ చేస్తా!"

మూడు చరణాలూ గొంతెత్తి పాడింది. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆరాధన అయ్యాక ఏసుపాదంగారు సంబరంగా వచ్చారు. "పాప ఎంత బాగా పాడిందమ్మా! తెలుగు చదవడం మీరే నేర్పించారా?"

ఔనంటే సరిపోయేది. కానీ అబద్ధం మోయడానికి కూడా ఓపిక కావాలి; దేవకుమారి దగ్గర అది అయిపోయింది. నోటుబుక్కు విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవి తెలుగు అక్షరాలు కావు అన్నయ్యగారూ. నాకు తెలుగు చదవడం రాదు."

ఆయన ఒక్కో పేజీ తిప్పి చూశారు. సుందర్ రాజ్ తల దించుకున్నాడు.

"చెప్పేవాళ్లని ఇంకెవరినైనా చూడండి," అంది దేవకుమారి. "క్లాసు మాత్రం ఆపొద్దు. నేనూ నవోమీ వచ్చి పిల్లల మధ్య కూర్చుంటాం."