మళ్ళో మనిషి ఉండగా

కోడలితో ఆడిన ఒక ఆటలో నేను గెలిచాను. ఆ గెలుపు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. వయసు ముదిరాక అక్షరాలు దిద్దినవాణ్ణి. మెలికలు తిప్పి రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బళ్లారిలో గనులు జోరుగా నడిచిన కాలం అది. కెంచనగుడ్డ దగ్గరి వరిమళ్ళు కౌలుకిచ్చి, గనులనుంచి ఖనిజం తోలడానికి లారీలు కొన్నాం. కంటోన్మెంట్‌లో చిన్న ఆఫీసు, అందులో రెండు కంప్యూటర్లు. పర్మిట్ల పని మా కోడలు చూసేది. పని లేనప్పుడు ఆ రెంటినీ తీగతో కలిపి నాకు యుద్ధం ఆట నేర్పింది. పాతకాలపు రాజుల యుద్ధం. విల్లువాళ్ళు, ఈటెలవాళ్ళు, గుర్రాలవాళ్ళు.

ప్రతి దండు జెండా కింద ఒక పచ్చగీత ఉంటుంది. అది వాళ్ళ ధైర్యం. పక్క దండు పారిపోతే గీత తగ్గుతుంది. వెనకనుంచి దెబ్బ తగిలితే ఇంకా తగ్గుతుంది. అయిపోతే జెండా తెల్లబడి అందరూ పరుగే. మొదట్లో నేను విల్లువాళ్ళను పొలానికి నాలుగు మూలలా నిలబెట్టేవాణ్ణి, పిట్టల కావలికి మనుషులను పెట్టినట్టు. ఒంటరిగా ఉన్నారని వాళ్ళు గుర్రం కనబడగానే పారిపోయేవాళ్ళు. కోడలు నవ్వు ఆపుకునేది. విల్లువాళ్ళు ముందు బాణాలు వేయాలి, శత్రువు దగ్గరికొస్తే ఈటెలవాళ్ళ వెనక్కి రావాలి, అక్కడ కలబడుతుంటే పక్కకు చుట్టి వేయాలి అని ఓపికగా చెప్పింది.

డ్రైవర్లకూ ఆట రుచి పట్టింది. తలా ఒక దండును నాదంటే నాదని పంచుకున్నారు. మా డ్రైవర్లలో పెద్దవాడు ఈటెలవాళ్ళను తీసుకున్నాడు. అతనిది మా ఊరే. వాళ్ళ నాయన మా మళ్ళలో వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలేవాడు. ఆ వానాకాలం దారంతా గుంతలు, లారీలు పల్టీ కొడుతున్నాయి. వేరే ఓనర్ల డ్రైవర్లు మానేస్తున్నారు. మావాళ్ళు ఇతని మొహం చూసి నిలబడి ఉన్నారు. ఇతను పోతే అందరూ పోతారని నాకు తెలుసు.

ఒక అమావాస్యనాడు లారీలకు పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండి కదిలేముందు అందరూ ఆఫీసులో చేరారు. నేనూ కోడలూ ఆటకు కూర్చున్నాం. అప్పటిదాకా ఆమె చేతిలో ఓడని రోజు లేదు. డ్రైవర్లు కూడా నన్ను ఎగతాళి చేయడం మొదలుపెట్టారు.

కోడలు గుర్రాలు వచ్చి నా ఈటెలవాళ్ళ మీద పడ్డాయి. వాళ్ళు కదల్లేదు. గీత సగమైనా నిలబడ్డారు. పెద్ద డ్రైవరు మీసం దువ్వి, “సూడండ్రప్పా నా మందిని, గోడ లెక్క ఉండారు” అన్నాడు. ఆ తోపులాట మధ్యలోనే కోడలి సేనాపతి జెండా కనబడింది. నా విల్లువాళ్ళు వెనక దిబ్బ మీద ఉన్నారు. బాణాలు వేస్తే అతను పడతాడు. నడుమ నా ఈటెలవాళ్ళ వీపులున్నాయి. చూశాను. చూసే నొక్కాను.

సేనాపతి పడ్డాడు. ఈటెలవాళ్ళూ పడ్డారు. మిగిలినవాళ్ళ జెండా తెల్లబడింది. అయినా సేనాపతి పోయిన కోడలి సైన్యమే ముందు పారిపోయింది. నేను తొడ చరిచాను. గదిలో ఒక్కరూ నవ్వలేదు.

పెద్ద డ్రైవరు మెల్లగా అన్నాడు. “మళ్ళో మనిషుంటే ఒడిసెల ఎత్తగూడదని మా నాయనకు సెప్పింది మీ నాయనే గదప్పా.”

“బిడప్పా, బొమ్మలాట” అని కొట్టిపారేశాను.

“బొమ్మలేలే. నావోళ్ళు అనుకుంటి, అంతే.”

కోడలు తెరవైపే చూస్తూ, “పక్కకు తిప్పేకి టైముండె మామా” అంది. అది నాకూ తెలుసు. తెలిసినవాడికి సాకు ఉండదు.

అంతలో ఖనిజం కొనేవాళ్ళు ఫోను చేశారు. దారి బాగలేకపోయినా లోడు ఇప్పుడే కావాలట. అలాంటప్పుడు “పోండప్పా, ఏం కాదు” అనడం నాకు అలవాటు. ఆ రోజు నోరు రాలేదు. పెద్ద డ్రైవరు తాళం చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

“పోవల్నా అప్పా?”

“నేనూ వస్తాండా” అన్నాను.

క్యాబిన్‌లో అతని పక్కన కూర్చున్నాను. లారీలు కొన్న అన్నేళ్ళలో లోడు మీద ఆ దారిన పోవడం నాకు అదే మొదలు. గుంత వచ్చినప్పుడల్లా లారీ ఒక పక్కకు వాలేది, నేను తలుపు పిడి పట్టుకునేవాణ్ణి. అతను నావైపు చూడలేదు. గుంత ముందర మాత్రం “గట్టిగ పట్టుకో” అనేవాడు.

అతను మానలేదు. లారీకి రోజూ వచ్చాడు. కానీ మేము ఆటకు కూర్చుంటే లోపలికి మాత్రం మళ్ళీ అడుగుపెట్టలేదు. బయట బండి నీడలో కూర్చునేవాడు. పిలవడానికి రెండుమూడుసార్లు వాకిలిదాకా పోయి, ఏమని పిలవాలో తెలియక తిరిగొచ్చాను.