ముప్పై ఇళ్ళు, నలభై ఏడు పదవులు

దాసుగారి కంటికి ఖాళీగా ఉన్న మనిషి కనిపించకూడదు. కనిపిస్తే ఏదో ఒక పదవి ఇచ్చేసేవారు. ఇది మంచి గుణమో, జబ్బో చోడవరంలో చాలాకాలం ఎవరికీ తేలలేదు. నాకైతే తేలేసరికి సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఆయన మా లూథరన్ సంఘానికి ఉపదేశి. పాస్టరు అయ్యగారు రెండు నెలలకొకసారి బస్సు మీద వచ్చి వెళ్ళేవారు. మిగిలిన ఆదివారాలు వాక్యం చెప్పడం, పిల్లలకు కీర్తనలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ళని చూసిరావడం అన్నీ దాసుగారివే. ముప్పై ఇళ్ళ సంఘం. అందరూ చెరకు తోటల్లో, వరి చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ ముప్పై ఇళ్ళకి నలభై ఏడు పదవులు.

1954లో నేను సంఘం బడికి మేష్టరుగా వచ్చాను. బస్సు దిగి ట్రంకుపెట్టె ఇంకా నేల మీద పెట్టలేదు, గొడుగు చంకలో పెట్టుకున్న ఒక సన్నటి మనిషి ఎదురొచ్చారు.

"సత్యారావు మేష్టారేనా? మంచిది. మీరు సంఘ కార్యదర్శి."

"నేనింకా బడి కూడా చూడలేదండీ."

"బడి ఎక్కడికి పోద్ది? పోస్టయితే పోద్ది."

తీరా చూస్తే నాకు ముందే ఇద్దరు కార్యదర్శులున్నారు. అందులో ఒకాయన్ని, మీరు దేనికి కార్యదర్శి అని అడిగాను.

"అదే దాసుగార్ని అడుగుదామని సూస్తన్నాను బాబూ. నాలుగేళ్ళయింది" అన్నాడాయన.

గుడి గంటకి కూడా ఇద్దరు అధ్యక్షులు, రాజ్యం, పరదేశి. మొదటి గంటకి జనం బయల్దేరాలి, రెండో గంటకి కూర్చోవాలి, మూడో గంటకి ఇళ్ళకు వెళ్ళాలి. ఎవరి గంట వాళ్ళు కొట్టేవాళ్ళు. దాంతో ఒక ఆదివారం దాసుగారు వాక్యం మొదలుపెట్టేసరికి సగం సంఘం లేచి ఇళ్ళకు వెళ్ళిపోయింది.

"ఒక గంటకి ఇద్దరెందుకండీ?" అని అడిగాను.

"ఒకలికి జొరమొస్తే?"

"రాకపోతేనో?"

"రాపోతే రెండుసార్లు మోగుద్ది. దానికేటి నష్టం?"

దాసుగారితో మాట్లాడాక ఎప్పుడూ అంతే, వెళ్ళేటప్పుడు ఒక అనుమానంతో వెళ్ళి, వచ్చేటప్పుడు మూడు తెచ్చుకునేవాణ్ణి.

మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరకు మోకాలెత్తు దాటలేదు. కూలి వారానికి రెండు రోజులు దొరికితే గొప్ప. గుడి కప్పు మీది తాటాకు చివికి, ఎండ తిన్నగా బల్ల మీద పడేది. అప్పుడు ఆడవాళ్ళే ఒక మాట అనుకున్నారు. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి, ఆదివారం తెచ్చి గుడి కుండలో పోయాలి. కప్పు నేసేవాళ్ళకి ఆ బియ్యమే కూలి.

పాస్టరుగారు సంతోషించారు, దాసుగారి పదవుల జాబితా చూసేవరకు.

"ఇది సంఘమా, తాలూకా కచేరీయా? కోతల పండగకి వస్తాను. కుండ నిండా బియ్యం చూపించాలి. చూపించకపోతే చోడవరానికి వేరే ఉపదేశిని పంపమని పైవాళ్ళకి రాసేస్తాను."

ఆయన బస్సెక్కగానే దాసుగారు నావైపు తిరిగారు. "మేష్టారూ, బియ్యం కొలవడానికి ఒక అధ్యక్షుడు కావాల."

"ఇంకో పదవా?"

"పెద్ద పోస్టు. పదండి."

తిన్నగా పెదబాబు ఇంటికి తీసుకెళ్ళారు. పెదబాబు రైతు, హిందువు. మా వాళ్ళలో సగంమంది ఆయన చేలల్లోనే పనిచేసేవాళ్ళు. ఆయన కూలి కొలిచే కుంచం మీద మా వాళ్ళకి అనుమానం ఉంది గానీ, నోరెత్తితే మర్నాడు పని ఉండదు. దాసుగారు కూడా ఎత్తలేదు. గొడుగు గుమ్మానికి ఆనించి, చేతులు జోడించారు.

"బాబుగారూ, మా గుడికి కొలతల అధ్యక్షులు తమరే అవ్వాల."

"నానా? మీ గుడికా?"

"పెద్దోళ్ళ సెయ్యి పడితే బరకత్తు. తమ కుంచం కూడా తెచ్చుకోవాల. తమ కుంచమయితే ఎవులూ కాదనరు."

పెదబాబు మీసం సవరించుకున్నాడు. ఆదివారం జరీ కండువా వేసుకుని, కుంచం పట్టించుకుని వచ్చాడు. మా వాళ్ళు దండ వేశారు. రాజ్యం ఇంటి దగ్గర తన కుంచంతో ముందే కొలిచి పెట్టిన బియ్యం నాలుగు కుంచాలు. పెదబాబు కుంచంతో కొలిస్తే నాలుగున్నర అయ్యాయి.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ కొలిచారు. మళ్ళీ నాలుగున్నర.

దాసుగారు రెండు చేతులూ పైకెత్తారు. "దేవుడికి స్తోత్రం! బాబుగారి కుంచంలో పడేసరికి బియ్యం పెరిగిపోనాయి!"

నేను కూడా ఒక్క క్షణం అద్భుతమే అనుకున్నాను. వెనక చాప మీద పైడితల్లి అనే ఆవిడ కిసుక్కున నవ్వింది. అప్పుడు తెలిసింది నాకు, పెరిగింది బియ్యం కాదు, తగ్గింది కుంచం. పెదబాబుకి కూడా అదే క్షణంలో తెలిసినట్టుంది. ముఖం కందిపోయింది. దాసుగారు మాత్రం ఏమీ ఎరగనట్టు ఆయన మెళ్ళో దండ సర్దుతున్నారు. మరుసటి ఆదివారానికి వడ్డాది సంతలో కొన్న కొత్త కుంచం వచ్చింది. దాంతో నాలుగుకి నాలుగే అయ్యాయి. అప్పట్నుంచి చేలో కూలి కూడా దాంతోనే కొలిచారు.

అద్భుతం ఆగిపోయిందని నిజంగా బాధపడ్డవాడు పరదేశి ఒక్కడే.

ఆ తరవాత దాసుగారు ఇంకో పదవి పుట్టించారు. బియ్యం తనిఖీ. దానికి పైడితల్లిని వేశారు. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో నెట్టుకొస్తున్న మనిషి. వారానికో కుంచం బియ్యం ఇంటికి తీసుకెళ్ళి, వండి, తిని, ఎలా ఉన్నాయో ఆదివారం చెప్పాలి.

"తనిఖీకి కుంచం ఎందుకండీ? పిడికెడు చాలదా?" అన్నాను.

"ఒక్కరోజు తింటే బియ్యం గుణం తెలుస్తదేటి?"

ఆదివారం పైడితల్లి లేచి నిలబడి చెప్పేది. "బాగున్నాయి బాబూ. రాళ్ళు నేవు. నా గుంటలిద్దరూ కూడా బాగున్నాయన్నారు." నేను మినిట్సు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రెండో వారానికే ఇంకో ఇద్దరు తనిఖీదారులు చేరారు.

"ఒకే కుండలో బియ్యానికి ముగ్గురా?"

"ముగ్గురివీ నాలికలు వేరు కాదేటి మేష్టారూ?"

నేనేమన్నా అనేలోపల నాకే రెండో పదవి వచ్చిపడింది. అతిథి మర్యాదల తనిఖీ అధికారి. సంఘంలో అతిథులను ఎలా ఆదరిస్తున్నారో చూడాలట. రోజుకొక ఇంట్లో సాయంకాలం భోజనం చేసి, నా అభిప్రాయం పుస్తకంలో రాయాలి. అప్పటికి నాలుగు నెలలుగా నా జీతం రాలేదు, ఏవో కాగితాలు ఎక్కడో ఆగాయన్నారు. అయినా పదవి పదవే కదా. నేను చాలా నిక్కచ్చిగా చేశాను. "రాజ్యంగారింట చారులో ఉప్పు చాలలేదు. ఇకముందు గమనించవలెను" అని ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

కోతల పండగ వచ్చింది. కోతలు అంతంత మాత్రమే గానీ, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపెట్ట, ఒకరు నాలుగు చెరకుగడలు తెచ్చి బల్ల ముందు పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, లేచి, కుండ మూత తీశారు. కుండ అడుగు కనిపించింది.

"కార్యదర్శి లేవండి."

ముగ్గురం లేచాం.

"బియ్యం కార్యదర్శి ఎవరో ఆయన!"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పుస్తకం నా చేతిలో ఉంది కాబట్టి నేనే చదివాను. తనిఖీకి కుంచం, తనిఖీకి కుంచం, తనిఖీకి కుంచం.

"పదిహేను వారాలు తనిఖీ చేసి ఏమిటయ్యా తేల్చింది?"

"బాగున్నాయని తేల్చామండి" అన్నాను.

కప్పులో కన్నం గుండా ఎండ పాస్టరుగారి బట్టతల మీద పడుతోంది. దాసుగారు గొడుగు విప్పి ఆయన మీద పట్టారు. పాస్టరుగారు పక్కకి జరిగితే గొడుగు కూడా జరిగింది.

"గొడుగు తరవాత, దాసుగారూ. కప్పుకని దాచిన బియ్యం ఇది. నేను పైవాళ్ళకి ఏమని రాయను?"

దాసుగారు గొడుగు పిడి వైపే చూశారు. ఆయన దగ్గర ఇవ్వడానికి పదవి లేకపోవడం నేను చూడడం అదే మొదలు.

పైడితల్లి లేచింది. "ఆయన్నేటీ అనకండి అయ్యగారూ. ఆ బియ్యం నాను తిన్నాను. నా గుంటలు తిన్నారు. ముందు రాజ్యం సేత పంపేరు. నానేటి ముష్టిదాన్నా అని తిప్పి పంపేసేను. తరవాత పోస్టిచ్చేరు. పోస్టయితే సెయ్యాల కదా అని తీసుకెళ్ళేను. మొదటి వారమే నాకు తెలిసిపోనాది. తెలిసినట్టు ఆయనకి తెలీనివ్వనేదు. ఆయన సంతోషం ఎందుకు పాడుసెయ్యాల?"

మిగిలిన ఇద్దరు తనిఖీదారులూ లేచి నిలబడ్డారు. వాళ్ళకీ తెలుసట. పాస్టరుగారు మళ్ళీ కుండలోకి చూశారు.

"ముగ్గురివీ మూడు కుంచాలు. వారానికి నాలుగు కదా వచ్చేవి. ఆ నాలుగోది ఎవరు తిన్నారు?"

ముప్పై ఇళ్ళవాళ్ళూ చాపల వైపు చూస్తున్నారు. రాజ్యం గంటతాడు పట్టుకుని దాని పీచులు లెక్కపెడుతోంది. నాకు ఒళ్ళు మండింది. పైడితల్లి అంత ధైర్యంగా ఒప్పుకుంటే ఇంకొకరు దాక్కోవడమా?

"ఎవరో లేచి చెప్పండి! కార్యదర్శిగా అడుగుతున్నాను!" అని గట్టిగా అరిచాను.

దాసుగారు నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా అన్నారు. "మేష్టారూ, కూకోండి."

కూర్చున్నాక అర్థమైంది. నేను వెళ్ళిన రోజు ప్రతి ఇంట్లోనూ అన్నం ఉండేది. మిగతా రోజుల్లో వాళ్ళు పలచటి గంజి తాగుతున్నారని నాకు తెలుసు. ఆ అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. ఉప్పు చాలలేదని మాత్రం రాశాను, ఎర్ర సిరాతో.

పాస్టరుగారికి నాకంటే ముందే తెలిసింది. నా ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని, ఆ పేజీ చదివి, నవ్వాపుకోలేక మూసేశారు. "ఇందులో పైవాళ్ళకి రాయాల్సిందేమీ లేదు. కప్పు సంగతే ఎలాగో…"

గుమ్మం దగ్గరనుంచి పెదబాబు గొంతు వినిపించింది. "తాటాకులు నాను తోలిస్తాను. నేసేవోళ్ళ కూలీ నాదే. నానూ ఇక్కడ పోస్టులో ఉన్నోణ్ణి కదా."

"అయితే కప్పు తనిఖీకి ఒక మనిషి కావాల" అన్నారు దాసుగారు వెంటనే. "అయ్యగారూ, తమరయితే బాగుంటాది."

పాస్టరుగారు కాదనలేదు. గొడుగు ఆయన మీదే ఉంది మరి.

నా జీతం ఉగాది ముందు వచ్చింది, ఆగిపోయినదంతా ఒకేసారి. మర్నాడు పొద్దున్నే సంతకి వెళ్ళి రాళ్ళ ఉప్పు బస్తా కొని, కావిడి వేయించి ఇంటింటికీ తిరిగాను. మొదటి ఇల్లు రాజ్యంది.

"ఏటి మేష్టారూ ఇది?"

"ఉప్పు కమిటీ. నేనే అధ్యక్షుణ్ణి."

"ఎవులేసేరు?"

"ఎవరూ వెయ్యలేదు. నేనే వేసుకున్నాను."

ఆమె ఒక కణిక నోట్లో వేసుకుని, అచ్చం పైడితల్లిలాగా నిటారుగా నిలబడి, "బాగుంది బాబూ. రాళ్ళు నేవు" అంది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

వీధి మలుపులో దాసుగారు ఎదురయ్యారు. బస్తా వైపు చూశారు, నా వైపు చూశారు. రాజ్యం అప్పటికే చెప్పేసినట్టుంది, సంగతి అడగలేదు. దారిన పోతున్న పరదేశిని గొడుగు కొక్కెంతో ఆపారు.

"ఒరే పరదేశీ, నువ్వూ ఉప్పు కమిటీకి అధ్యక్షుడివి."

"దీనికి నేనున్నాను కదండీ, ఇద్దరెందుకు?" అన్నాను.

"మీకు జొరమొస్తే?" అన్నారు దాసుగారు.